నంబరు కనబడాలి

రేగుళ్ల వాగు దగ్గర పెట్టిన వైర్‌లెస్ బోర్డు నలభై ఒక్క రోజులు పనిచేయలేదు. ఎందుకు పనిచేయడం లేదో నాకు మొదటి రోజే తెలుసు. మిగతా నలభై రోజులూ ఆ సంగతిని కాగితం మీద రాయడానికి ఎవరికీ కోపం రాని భాష కోసం వెతికాను. నా పేరు విద్యాధర్. వాగుల పర్యవేక్షణ విభాగంలో అసిస్టెంట్ ఇంజనీరుని, అందరి నోట్లో ఏఈని. తొమ్మిదేళ్ల సర్వీసులో నేను బాగా నేర్చుకున్న పని ఒక్కటే, తెలిసిన విషయాన్ని తెలియనట్టు రాయడం.

ముందు మా నంబర్ల సంగతి చెప్పాలి. ఆరేళ్ల కిందట ఆడిట్‌కి వచ్చిన ఒకాయన మా ఆఫీసు సీలింగ్ ఫ్యాను మీద స్టాకు నంబరు కనబడలేదని అభ్యంతరం రాశాడు. నంబరు ఉంది, రెక్కల పైవైపున. నిచ్చెన వేస్తే కనబడేది. ఆయన నిచ్చెన ఎక్కనన్నాడు. ఆ ఫ్యాను వల్ల స్టోర్ సూపరింటెండెంటు పాండురంగం గారికి రావాల్సిన ప్రమోషన్ ఆగిపోయింది. ఆయన చెడ్డవాడు కాదు. దెబ్బ తిన్నవాడు. పై ఆఫీసు చుట్టూ తిరిగి తిరిగి ఒక ఉత్తర్వు తెచ్చుకున్నాడు: ‘ప్రతి ప్రభుత్వ వస్తువుపై దాని స్టాకు నంబరు, నిలబడియున్న తనిఖీ అధికారి కంటికి, ఆయన వంగకుండా, ఎక్కకుండా, ఏ వస్తువునూ కదపకుండా, సర్వకాల సర్వావస్థలయందు కనబడవలెను.’

అప్పట్నుంచి మా ఆఫీసులో కుర్చీలు ఒకదాని మీద ఒకటి పేర్చరు. వరండా పొడుగునా ఖాళీ కుర్చీలు వరసగా నిలబడి ఉంటాయి, వచ్చినవాళ్లు ఏదో సభ అనుకుని కూర్చుంటారు. గోడ గడియారానికి నంబరు అద్దం మీదే వేశారు. పదకొండు నుంచి ఒంటిగంట దాకా చిన్నముల్లు కనబడదు. దాని మీద మాత్రం ఇంతవరకు ఎవరూ అభ్యంతరం చెప్పలేదు. వాగు పొంగినప్పుడు ఊపడానికి మంజూరైన ఎర్రజెండాని స్టోర్ గోడకి పరిచి నాలుగు మూలలా మేకులు కొట్టారు. మడిస్తే నంబరు కనబడదు.

ఇక రేగుళ్ల వాగు. ఊరికీ పొలాలకీ మధ్య ఆ వాగు మీద ఉన్నది వంతెన కాదు, కాజ్‌వే. వాగు అడుగు నుంచి మూడడుగుల ఎత్తున పరిచిన సిమెంటు రోడ్డు. పైన గుట్టల్లో వాన పడితే గంటలో నీళ్లు దాని మీదుగా దూకుతాయి. నాట్ల కాలంలో పొద్దున్నే ఆడ కూలీలు ట్రాలీ ఆటోలో అవతలికి పోతారు, సాయంత్రం అదే ఆటోలో తిరిగి వస్తారు. ఇరవై రెండేళ్లుగా ఒడ్డున నిలబడి నీటిమట్టం స్కేలు చూసేవాడు కొమ్మాలు. చిన్న చినుకులకి తడుస్తూనే తిరుగుతాడు. నీళ్లు స్కేలు మీది ఎర్రగీతని తాకిననాడు మాత్రం నల్ల గొంగడి నెత్తిన కప్పుకుని రోడ్డుకి అడ్డంగా నిలబడతాడు. అవతలి గట్టు మీద ఉన్నవాళ్లకి గొంగడి కనబడిందంటే ఆగడమే. ఇది మా శాఖ ఏ మాన్యువల్‌లోనూ లేదు. అందుకే కాబోలు, ఇరవై రెండేళ్లూ సక్రమంగా నడిచింది.

ఈ ఏడు ఆ పనికి యంత్రం మంజూరైంది. అందులో రెండు బోర్డులు. అరచెయ్యంత పెద్ద బోర్డు మైక్రోకంట్రోలర్, అంటే నీటిమట్టం చూసి ఏం చెయ్యాలో నిర్ణయించేది. చిన్న బోర్డు వైర్‌లెస్, ఆ కబురుని జిల్లా కేంద్రానికి పంపేది, రెండు గట్ల మీది సైరన్లనీ మోగించేది. చిన్నదాని కింద సూదుల్లాంటి కాళ్లుంటాయి. పెద్దదాని మీద ఆ కాళ్లు పట్టే బెజ్జాలుంటాయి. చిన్నదాన్ని పెద్దదాని మీద పెట్టి బొటనవేలితో ఒక్క నొక్కు నొక్కితే చాలు.

పాండురంగం గారు నొక్కనివ్వలేదు.

“ఇవి రెండు వస్తువులు. రెండు నంబర్లు. దీన్ని దాని మీద పెడితే కిందిదాని నంబరు ఏమవుతుంది?”

“కప్పబడుతుందండి. కానీ అలా పెడితేనే...”

“ఆనాటి ఫ్యాను కూడా అలాగే పెట్టారు, ఏఈ గారూ.”

పెయింటర్ వచ్చి రెండు బోర్డుల మీదా తెల్ల రంగుతో నంబర్లు వేశాడు. కాజ్‌వే పక్కన స్తంభానికి అద్దం తలుపున్న పెట్టె బిగించి, లోపల ప్లైవుడ్ చెక్క మీద రెండు బోర్డుల్నీ పక్కపక్కనే, నాలుగంగుళాల ఎడంతో మరలు వేసి నిలబెట్టారు. స్విచ్ వేస్తే పెద్దదాని మీద పచ్చదీపం వెలిగింది. చిన్నది నల్లగా ఉండిపోయింది. ఫొటోలు తీసుకున్నారు. ‘యంత్రము అమర్చిన తేదీ నుండి గేజ్ రీడర్ సేవలు అవసరము లేదు’ అని కొమ్మాలుకి ఉత్తర్వు ఇచ్చారు. అందులో ‘అమర్చిన’ అని ఉంది. ‘పనిచేసిన’ అని లేదు.

కొమ్మాలు ఆ కాగితాన్ని నా చేతే చదివించుకున్నాడు.

“మిషిని మాట్లాడుతలేదు గద సారూ. మరి నన్నెందుకు బందు చేసిండ్రు?”

“అమర్చాం కాబట్టి, కొమ్మాలన్నా.”

“గీ ముచ్చట వాగుకు ఎరికేనా?”

మర్నాడు పోయి చూస్తే ఎప్పటిలాగే స్కేలు పక్కన నిలబడి ఉన్నాడు. జీతం రాదని మళ్లీ చెప్పాను. “జీతం ఇయ్యకుండ్రి. మా కోడలు స్వరూప గా ఆటోల్నే అస్తది. నేను ఇంట్ల కూసుంటే నాకు బువ్వ దిగుతదా?” అన్నాడు. నాకు చచ్చేంత సిగ్గేసింది. ఆ సిగ్గుతోనే ఆఫీసుకి వచ్చి, ప్రభుత్వ స్కేలు వద్ద అనధికారికంగా నిలబడుతున్న వ్యక్తికి ఇవ్వాల్సిన నోటీసు మీద సంతకం పెట్టాను.

మా ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు భుజంగరావు గారు. ఏ విషయాన్నైనా మూలాల్లోంచి ఆలోచించే మనిషి. ఎనిమిదో రోజున నన్ను పిలిపించారు.

“వైర్‌లెస్ అంటే ఏమిటి, ఏఈ గారూ?”

“తీగ లేకుండా పనిచేసేదండి.”

“ఇక్కణ్నుంచి జిల్లా కేంద్రం ఎంత దూరం?”

“అరవై రెండు కిలోమీటర్లండి.”

“అరవై రెండు కిలోమీటర్ల అవతలికి తీగ లేకుండా మాట్లాడవలసిన బోర్డు, నాలుగంగుళాల అవతలున్న పక్క బోర్డుతో మాట్లాడలేకపోతోందంటే, ఇది నమ్మదగిన వివరణేనా?”

బయటికి మాట్లాడటానికి తీగ అక్కర్లేదనీ, మాట్లాడటానికి కావలసిన కరెంటూ ఆదేశాలూ మాత్రం పెద్ద బోర్డు నుంచి ఆ కాళ్ల ద్వారానే రావాలనీ చెప్పాను. ఆయన కళ్లు మూసుకుని విన్నారు.

“అంటే ముట్టుకుంటే గాని పనిచేయదంటారు. మరి కొనేటప్పుడు ఇది వైర్‌లెస్ అని ధ్రువీకరించింది ఎవరు?”

“నేనేనండి.”

“ఆలోచించుకోండి.”

ఆలోచించుకున్నాను. రెండు బోర్డుల్నీ ఉన్నచోటే ఉంచి, మధ్యలో పొట్టి తీగలు వేసి కలుపుతానని రాశాను. నంబర్లు రెండూ కనబడతాయి, యంత్రమూ నడుస్తుంది. నా తెలివికి నేనే మురిసిపోయాను. ఫైలు మూడు రోజుల్లో తిరిగొచ్చింది: ‘వైర్‌లెస్‌గా కొనుగోలు చేయబడిన వస్తువుకు వైర్లు తగిలించుట, వస్తువు యొక్క మౌలిక స్వభావమును మార్చుటయే అగును. ప్రతిపాదన తిరస్కరించడమైనది.’

పన్నెండో రోజున ప్రారంభ వైఫల్య కారణాన్వేషణ సంఘం ఏర్పడింది. సంఘం పెట్టె ముందు టెంటు వేయించుకుని కూర్చుంది. బ్యాటరీ మార్చారు. యాంటెన్నా పొడుగు పెంచారు. ప్రోగ్రాం చెరిపి మళ్లీ ఎక్కించమన్నారు, ఎక్కించాను. లాప్‌టాప్ తెర మీద ప్రతిసారీ ఒకటే మాట వచ్చేది, వైర్‌లెస్ బోర్డు కనబడలేదు అని. సంఘం సభ్యుడొకాయన కళ్లద్దాలు సవరించుకుని పెట్టెలోకి తొంగి చూశాడు.

“కనబడుతోందే. నంబరుతో సహా.”

“యంత్రానికి కనబడటం లేదండి.”

“యంత్రం తనిఖీ అధికారి కాదు కదా,” అని ఆయన నోట్ చేసుకున్నాడు.

తర్వాత, దూరం తగ్గించి చూడాలని తీర్మానించారు. ఒకేసారి తగ్గిస్తే ఎక్కడ పనిచేసిందో తెలియదు గనక, రెండు రోజులకి అరంగుళం చొప్పున తగ్గించాలి. ప్రతి అరంగుళానికీ మరలు విప్పడానికి అనుమతి, బిగించినట్టు ధ్రువపత్రం. నాలుగు అంగుళాలు మూడున్నరైంది, మూడైంది. చివరికి అరంగుళం దగ్గర ఆగారు. అంతకంటే దగ్గరైతే తాకించినట్టు భావించే అవకాశం ఉందని పాండురంగం గారు అసమ్మతి తెలిపారు. ఆ పదిహేను రోజులూ కొమ్మాలు సంఘానికి టీ తెచ్చి ఇచ్చాడు, మధ్యమధ్య స్కేలు చూసి వచ్చాడు. అదృష్టం కొద్దీ గుట్టల్లో వాన పడలేదు.

ఇరవై తొమ్మిదో రోజు మధ్యాహ్నం నాకు ఓపిక చచ్చింది. ఒక్కణ్నే పోయి, పెట్టె తెరిచి, మరలు విప్పి, చిన్న బోర్డుని పెద్దదాని మీద పెట్టి బొటనవేలితో నొక్కాను. చిన్నదాని మీద ఎర్రదీపం వెలిగింది. పరీక్ష కోసం సైరన్ మోగించాను. రెండు గట్ల మీదా మోగింది. పొలాల్లో నాట్లు వేస్తున్నవాళ్లు నడుము ఎత్తి చూశారు. జిల్లా కేంద్రం నుంచి ఫోన్ వచ్చింది, నీటిమట్టం అందిందని.

“గింతేనా సారూ?” అన్నాడు కొమ్మాలు.

“ఇంతే.”

“గిదానికి గన్ని దినాలా?”

నవ్వొచ్చింది. ఆ నవ్వు నా మొహం మీద ఉండగానే పాండురంగం గారి జీపు వచ్చి ఆగింది. ఆకస్మిక తనిఖీ. ఆయన పెట్టె ముందు నిటారుగా నిలబడి రిజిస్టర్ తెరిచారు.

“పెద్ద బోర్డు ఏదండీ?”

“దీని కిందే ఉందండి.”

“కింద ఉందని మీరంటున్నారు. నాకు కనబడటం లేదు.”

“కొంచెం వంగి పక్కనుంచి చూడండి.”

“వంగకుండా అని ఉత్తర్వు.”

ఒక ప్రభుత్వ వస్తువు నా బాధ్యతలో ఉండగా అదృశ్యమైందని మెమో వచ్చింది. బోర్డులు విడదీసి చూపించాక, ‘వస్తువు తిరిగి లభ్యమైనది, ఎక్కడికి పోయి వచ్చినదో ఏఈ వివరణ ఇవ్వవలెను’ అని ఇంకో మెమో. ఆ అరగంటలో జిల్లా కేంద్రానికి చేరిన కబురుని కూడా రద్దు చేశారు. స్టాకులో లేని వస్తువు నుంచి వచ్చిన సమాచారం అధికారికం కాదట.

అయితే జిల్లా కేంద్రం ఊరుకోలేదు. ఒకసారి మాట్లాడిన యంత్రం మళ్లీ ఎందుకు మాట్లాడటం లేదని రోజూ అడిగేది. ఇటు నంబరు కనబడాలి, అటు యంత్రం పలకాలి. భుజంగరావు గారు రెండు రోజులు కళ్లు మూసుకుని ఆలోచించి మధ్యేమార్గం కనిపెట్టారు. మామూలు సమయాల్లో బోర్డులు విడిగానే ఉంటాయి. నీరు పెరిగినప్పుడు ఒక మనిషి పెట్టె తెరిచి చిన్నదాన్ని పెద్దదానికి తగిలిస్తాడు, నీరు తగ్గాక మళ్లీ విడదీస్తాడు. ఆ మనిషి పేరు సంధాన సాధనం.

“నీరు పెరిగిందని ఆ మనిషికి ఎలా తెలుస్తుందండి?” అని అడిగాను.

“స్కేలు వద్ద నిలబడి చూస్తూ ఉంటాడు.”

కొమ్మాలు పేరు నేనే రాసిచ్చాను. మనుషుల్ని పెట్టుకోవడానికి మంజూరు లేదు గనక, విడిభాగాల పద్దు కింద తీసుకున్నారు. విడిభాగం అంటే వస్తువు. వస్తువుకి నంబరుండాలి. పెయింటర్ వచ్చి కొమ్మాలు ఖాకీ చొక్కా మీద, ముందూ వెనకా, జానెడెత్తు తెల్ల అంకెలతో 318 అని వేశాడు.

“గిదేంది సారూ, బర్రెకేసినట్టు.”

“కోపం తెచ్చుకోకన్నా. నీ పని నీకు వచ్చింది కదా.”

“కోపం లేదు తియ్. మా స్వరూప సూత్తె నవ్వుతది, గంతే,” అన్నాడు. కానీ నా వైపు చూడలేదు.

నలభై ఒకటో రోజున వార్షిక స్టాకు తనిఖీ. పొద్దుటి నుంచీ గుట్టల మీద నల్లగా మూసుకుపోయి ఉంది. మా దగ్గర మాత్రం సన్నని తుంపర. సాయంత్రం నాలుగు దాటింది. భుజంగరావు గారు జీపులోనే కూర్చున్నారు. పాండురంగం గారు గొడుగు మీది స్టాకు నంబరు ముందుకి కనబడేలా దాన్ని పట్టుకుని రిజిస్టర్‌లో ఒక్కొక్క టిక్కూ పెడుతున్నారు. తనిఖీ పూర్తయ్యేవరకు ఏ వస్తువునూ కదపకూడదు కాబట్టి రెండు బోర్డులూ పెట్టెలో విడిగానే ఉన్నాయి. పెట్టె ఉంది. పెద్ద బోర్డు ఉంది. చిన్నది ఉంది. సైరన్లున్నాయి.

“మూడు వందల పద్దెనిమిది?”

కొమ్మాలు స్కేలు దగ్గర్నుంచి గబగబా వచ్చాడు. నెత్తిన గొంగడి కప్పుకుని ఉన్నాడు. అది చూడగానే నేను వాగు అవతలికి చూశాను. అవతలి గట్టు మీద ట్రాలీ ఆటో ఆగి ఉంది, లోపల పదిమందికి పైగా ఆడవాళ్లు.

“ఏమయ్యా, గొంగడి తియ్యి. నంబరు కనబడటం లేదు.”

“సారూ, వాగు ఎర్రగీత ముట్టింది. మిషిని కలపనియ్యుండ్రి.”

“తనిఖీ అయ్యాక కలుపుదువు గాని. ఒక్క నిమిషం తియ్యి, టిక్కు పెట్టుకుంటాను.”

“పాండురంగం గారూ, ఆ గొంగడి...” అని నేను అనబోయేసరికి జీపులోంచి భుజంగరావు గారి గొంతు వినబడింది. “ఏఈ గారూ, తనిఖీ అధికారి విధులకు ఆటంకం కలిగించవద్దు.”

ఇరవై రెండేళ్లు పై అధికారి మాట జవదాటని మనిషి. కొమ్మాలు గొంగడి తీసి చంకలో పెట్టుకున్నాడు. తెల్ల అంకెలు తుంపర్లో స్పష్టంగా కనబడ్డాయి. అవతలి గట్టు వాళ్లకీ కనబడి ఉంటాయి. గొంగడి తీశాడంటే నీళ్లు తగ్గాయని వాళ్ల లెక్క. ఆటో కదిలింది.

ముందు చక్రం సిమెంటు రోడ్డు మీదికి వచ్చింది. పైనుంచి వాగు చప్పుడు మారింది. కొమ్మాలు ఆటోని చూశాడు, పాండురంగం గారి చేతిలోని పెన్ను చూశాడు. పెన్ను ఇంకా కాగితాన్ని తాకలేదు. కొమ్మాలు గొంగడి నెత్తిన వేసుకుని, చేతులు చాపి, కాజ్‌వే నడుమకి పరుగెత్తాడు.

“ఏయ్, మూడు వందల పద్దెనిమిదీ,” అని పాండురంగం గారు పిలిచారు. అది కొమ్మాలుకి వినబడిందో లేదో. నేను పెట్టె తలుపు లాగి, మరలు విప్పే తీరిక లేక చిన్న బోర్డుని చెక్క నుంచి పెరికి, పెద్దదాని మీద పెట్టి బొటనవేలు నొప్పి పుట్టేలా నొక్కాను. సైరన్లు రెండూ అందుకున్నాయి. ఆటో ఆగింది, వెనక్కి పోయింది. అవతల్నుంచి స్వరూప గొంతు సైరన్ మీదుగా వినబడింది.

“మామా, ఒడ్డుకురుకు. నీళ్లొస్తున్నయ్.”

కొమ్మాలు ఒడ్డు ఎక్కేసరికి పిక్కల దాకా తడిశాడు. ఇంకో రెండు నిమిషాలకి కాజ్‌వే ఎక్కడుందో తెలియలేదు, ఎర్రనీళ్లు నడుమెత్తు దూకుతున్నాయి. స్తంభాన్ని పట్టుకుని నిలబడ్డాను. కొమ్మాలు గొంగడిలోనే కూలబడి కోడలు ఉన్నవైపే చూస్తున్నాడు.

పాండురంగం గారు చాలాసేపు నీళ్లని చూశారు. గొడుగు ఎప్పుడో పక్కకి వాలిపోయింది, రిజిస్టర్ తడుస్తోంది. తర్వాత పెట్టె వైపు చూశారు, గొంగడి వైపు చూశారు. వంగలేదు. దేన్నీ కదపలేదు. నాకు వినబడేలా చదువుతూ రాసుకున్నారు:

“పెద్ద బోర్డు, కనబడలేదు. నంబరు మూడు వందల పద్దెనిమిది, సంధాన సాధనం, కనబడలేదు.”

“పాండురంగం గారూ, మీ ఎదురుగానే కూర్చున్నాడు కదండీ,” అన్నాను. నాకు నిజంగా కోపం వచ్చింది.

ఆయన రిజిస్టర్ మూసి, కళ్లజోడు తుడుచుకుంటూ గొంతు తగ్గించారు. “రెండూ పోయాయండి. పోయిన వస్తువులకి నంబరు కనబడనవసరం లేదు. వాటి జోలికి నేను రాను.”

ఆ తర్వాత నాకు మెమో వచ్చింది. రెండు వస్తువులూ నా బాధ్యతలోనే పోయాయని ఒప్పుకున్నాను. రిజిస్టర్‌లోంచి వాటిని కొట్టేశారు. ఆనాటి నుంచి చిన్న బోర్డు పెద్దదాని మీదే ఉంది, ఎర్రదీపం వెలుగుతూనే ఉంది, సైరన్ మోగాల్సినప్పుడు మోగుతోంది. లేని యంత్రం కాబట్టి దాని మీద సంఘం వేయడానికి వీల్లేదు.

పోయిన 318ని వెతికే బాధ్యత నాకే అప్పగించారు. గాలింపు నిమిత్తం స్థానికంగా ఒక మనిషిని దినకూలీ మీద నియమించుకోవచ్చునని ఉత్తర్వులో ఉంది. వాగు వెంట అడుగడుగూ తెలిసినవాడు ఇంకెవరున్నారు, కొమ్మాలునే పెట్టుకున్నాను. రోజంతా స్కేలు దగ్గరే ఉండి కొమ్మాలు కోసం వెతుకుతున్నాడు. నోటీసుల్లేవు, నంబరు లేదు, గొంగడి తన ఇష్టం. సాయంత్రం నేను పోయేసరికి ఆటో కాజ్‌వే దాటి వస్తుంది. స్వరూప దిగి ఫ్లాస్కులోంచి మామకీ నాకూ టీ పోస్తుంది. నేను ఫైలు తెరుస్తాను.

“దొర్కిండా సారూ?” అంటాడు కొమ్మాలు, టీ ఊదుకుంటూ.

“ఇంకా లేదన్నా,” అని, ‘గాలింపు కొనసాగుచున్నది’ అని రాసి, పక్కన అతని చేత సాక్షి సంతకం పెట్టిస్తాను.